చెరువుకట్ట నుండి శాసనసభకు: ఇల్లూరు రైతుబిడ్డ శ్రీ నీలం సంజీవరెడ్డి గారి చరిత్ర





దేవాలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక సందర్భములలో వెలువడు సంచికలో స్థలపురాణము, మూర్తి వైభవము, ఆగమ విధి, దాతల నామావళి ఉండుట పరిపాటి. అట్టి సంచికలో ఒక శాసనసభ్యుని చరిత్ర ఎందుకని మీలో కొందరు అడుగవచ్చును. సమాధానము మన పూర్వుల మాటలోనే ఉన్నది. కుమారుడు, నిధి, దేవాలయము, తటాకము, అగ్రహారము, వనము, కావ్యము అను ఏడింటిని వారు సప్తసంతానములుగా లెక్కించినారు. గుడికిని చెరువుకును ఒకే వరుసలో పీట వేసినారు. మెట్టసీమలో ఆ వరుసకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. చెరువు నిండిన ఏట స్వామికి నైవేద్యము నిండుగా జరుగును. చెరువు ఎండిన ఏట ధూపదీపములకే వెదుకులాట.

ఆ చెరువుకు నీరు చేర్చు బాధ్యత పూర్వము రాజులది. నేడు శాసనసభలది. కావున మన సీమ నుండి నాగలి పట్టిన కుటుంబములవారు శాసనసభలో ఎట్లు కూర్చున్నారు, అక్కడ ఏమి సాధించినారు, అక్కడి నుండి ఎట్లు లేచి వచ్చినారు అను విషయమును కొంత ముచ్చటించుట ఈ సంచికకు అనుచితము కాదని భావించుచున్నాను.

మన ఊరు – మన చెరువు

సంగమ వంశీయుడైన మొదటి బుక్కరాయల కాలమున, క్రీ.శ. 1364లో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు ఏటికి అడ్డముగా కట్ట వేయించి ఈ మహాతటాకమును నిర్మింపజేసినాడు. కట్టకు ఒక కొసన వెలసిన ఊరికి రాజు పేర బుక్కరాయసముద్రమనియు, రెండవ కొసన వెలసిన ఊరికి రాణి అనంతమ్మ పేర అనంతసాగరమనియు నామకరణము జరిగినదని జిల్లా చరిత్ర చెప్పుచున్నది. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. జిల్లా ముఖ్యపట్టణము మన చెరువుకట్టకు పుట్టిన బిడ్డయే. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకముగా కురియని నేలపై నిలిచి ఒక ఊరికి సముద్రమనియు, మరియొక ఊరికి సాగరమనియు పేరు పెట్టిన పెద్దల ఆశను మనము గుర్తుంచుకొనవలెను.

కట్ట తెగబోవు తరుణమున ఊరిని కాపాడుటకై బసిరెడ్డి గారి చిన్నకోడలు ముసలమ్మ ఆత్మార్పణము చేసికొన్న గాథ మీకందరకు తెలిసినదే. శ్రీ కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థి దశలో, 1899లో, ఈ గాథనే "ముసలమ్మ మరణము" అను కావ్యముగా రచించినారు. ఆ గాథలో చెరువు త్రవ్వించినది రాజు మంత్రి. కట్ట నిలుపుటకు ప్రాణమిచ్చినది కాపుటింటి కోడలు. ఈ సంగతి మున్ముందు చెప్పబోవు విషయమునకు అవసరము.

మన చెరువు వెలసిన అయిదేండ్లకు, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప మండలములోని పోరుమామిళ్లలో మరియొక పెద్ద చెరువు కట్టించి శాసనము వేయించినాడు. చెరువు నిర్మాణమునకు కావలసిన పండ్రెండు అంగములు, రాకూడని ఆరు దోషములు ఆ శాసనమున వరుసగా చెప్పబడినవి. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, పొడవైన రాళ్లు దొరకు గని, పనితనము గల కూలీల సమూహము, ఇవన్నియు అంగములలో చేరినవి. కట్ట ఊట కారుట, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై ఆయకట్టు అధికమగుట, ఆయకట్టు కొంచెమై నీరు అధికమగుట దోషములు. ఆరింటిలో మిగిలిన దోషమొకటి ఉన్నది. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండరాదు. ఆరున్నర శతాబ్దముల క్రిందటి ఈ హెచ్చరిక మన జిల్లా నీటి చరిత్రలో ఎట్లు నిజమైనదో ముందు చూతము.

నీరుగంటి ధర్మము

చెరువు ఉన్న ప్రతి ఊరిలో పూర్వము నీరుగంటి ఉండెడివాడు. తూము ఎత్తుట, దించుట, ఏ మడికి ఎంత తడి, ఎవరికి ముందు, ఎవరికి వెనుక అను లెక్క అతనిది. కళ్లములో గింజలు కొలుచునాడు రైతులిచ్చు మేరయే అతని జీతము. తూము అతని చేతిలో ఉన్నది కాని నీరు అతనిది కాదు. చాల గ్రామములలో అతనికి ఆ ఆయకట్టు క్రింద కుంటెడు మడి కూడ ఉండెడిది కాదు. తనవాడని ఒక మడికి ఎక్కువ పారించిన నీరుగంటిని మరునాడే ఊరు నిలదీసెడిది.

శాసనసభ్యుని ధర్మము కూడ ఇంతేయని నా అభిప్రాయము. ఊరందరి నీటికి అతడు కొన్నాళ్లు తూము కావలి. ఆ దృష్టితో ఇల్లూరు రైతుబిడ్డ జీవితమును పరిశీలింతము.

ఇల్లూరు నుండి మద్రాసుకు

మన ఊరికి సమీపమున, నేటి గార్లదిన్నె మండలములోని ఇల్లూరు గ్రామమున, 1913 మే 19న శ్రీ నీలం చిన్నపరెడ్డి గారి ఇంట సంజీవరెడ్డి గారు జన్మించినారు. కలిగిన వ్యవసాయ కుటుంబమే. అయినను మెట్టసీమలో కలిగిన రైతు కూడ ఆకాశము వంక చూడవలసినవాడే. 1876–78 నాటి ధాత కరువులో ధాన్యపు గాదెలున్నవారు, లేనివారు అను భేదము లేక ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయినవి. ఆ కరువు కథలు చెప్పిన తాతల ఒడిలో పెరిగిన తరము వారిది.

మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజపు పాఠశాలలోను, అనంతపురము ప్రభుత్వ కళాశాలలోను వారు చదివినారు. 1929లో మహాత్మాగాంధీ గారు అనంతపురము వచ్చినపుడు ఆ ప్రభావమునకు లోనై, తరువాత చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించినారు. 1938లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శి అయినారు. 1940 నుండి 1945 వరకు అధిక కాలము కారాగారముననే గడచినది. అమరావతి జైలులో (విదర్భ ప్రాంతములోనిది) శ్రీయుతులు ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజ నాడారు, వి.వి. గిరి గార్లు వారి సహవాసులు. ఆ గిరి గారే ఆ తరువాత వారికి ఎదురు నిలుచుట విధి విలాసము.

1946లో వారు మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. దేవాలయ భక్తులు తప్పక గుర్తుంచుకొనవలసిన సభ అది. అన్ని వర్ణముల హిందువులకు ఆలయ ద్వారములు తెరచిన మద్రాసు ఆలయప్రవేశ చట్టము ఆ సభ కాలముననే, 1947లో, వచ్చినది. నేడు మన గుడి ముందు అందరము ఒకే వరుసలో నిలిచి తీర్థము పుచ్చుకొనుచున్నామన్నచో దాని వెనుక ఆ చట్టము ఉన్నది. హిందూ ధర్మాదాయముల చట్టమును కూడ ఆ సభ కాలముననే 1951లో చేసినారు. సంజీవరెడ్డి గారు 1949 నుండి 1951 వరకు మద్యనిషేధము, గృహనిర్మాణము, అటవీ శాఖలకు మంత్రిగా ఉండి, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికై ఆ మంత్రిపదవిని వదలుకొని, ఆచార్య ఎన్.జి. రంగా గారితో పోటీపడి గెలిచినారు.

1952: బావ, బావమరది

సంజీవరెడ్డి గారి ధర్మపత్ని శ్రీమతి నాగరత్నమ్మ గారు తరిమెల వారి ఆడపడుచు. 1935లో వారి వివాహము జరిగినది. తరిమెల గ్రామము నేటి శింగనమల మండలమున ఉన్నది. ఆమె తోడబుట్టినవారు శ్రీ తరిమెల నాగిరెడ్డి గారు 1917లో జన్మించినారు. ఋషివ్యాలీలోను, మద్రాసు లయోలా కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను చదివి కమ్యూనిస్టు ఉద్యమమున ప్రవేశించినారు. తామే భూస్వామి ఇంట పుట్టి, భూమిలేని కూలీల పక్షము వహించినారు.

వయోజనులందరకు ఓటుహక్కు వచ్చిన తరువాత జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, 1952లో, అనంతపురము శాసనసభ స్థానమున బావగారికి ఎదురుగా బావమరది నిలిచినారు. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడైన బావ ఓడినారు. బావమరది గెలిచినారు. ఒక్కింటి ఆడపడుచుకు ఒకరు భర్త, ఒకరు సోదరుడు. ఇట్టి పోటీలను భారతకథలో విన్నాము కాని అక్కడ తీర్పు ఆయుధము చెప్పినది. ఇక్కడ తీర్పు చెప్పినది ఓటుపెట్టె. అంతకు ముందు ఎన్నికలలో పన్ను కట్టువారికి, చదువుకొన్నవారికి మాత్రమే ఓటుండెడిది. 1952లో గొర్రెల కాపరి, కలుపు తీయు కూలి కూడ మొదటిసారి ఓటు వేసినారు. ఓటమిని సహించిన బావగారి ఓర్పు, గెలిచియు వేరు బాటలోనే నిలిచిన బావమరది పట్టుదల మన సీమ రాజకీయమునకు తొలి పాఠములు.

నీటి మాట

సీమ రైతు శాసనసభ్యుని నుండి కోరునది ఏమి? ఏటేట ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయువాడను కావున ఈ ప్రశ్నకు నేను కొంత సమాధానము చెప్పగలను. పట్టణవాసి ముందుగా తన రాశికి ఆదాయవ్యయములు అడుగును. మన రైతు ముందుగా అడుగునది ఈ ఏడు వర్షాఢకములెన్ని అని. అందులో సముద్రమునకెంత, పర్వతములకెంత, భూమిపై ఎంత అని చెప్పుచుండగా, భూమిపై కురియు భాగము విన్న తరువాతనే అతని ముఖము తేటపడును. ఆరుద్ర కార్తె పోయి పునర్వసు వచ్చినను గుంటక కట్టుటకు పదును రాని ఏండ్లు మనకు కొత్త కావు.

ఆ కోరికకు 1937 నవంబరు 16న వ్రాతపూర్వకముగా ఒక హామీ లభించినది. మద్రాసులో శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ భవనమున కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొన్నారు. మన జిల్లా పక్షమున శ్రీ కల్లూరు సుబ్బారావు గారు, శ్రీ పప్పూరు రామాచార్యులు గారు అందు సంతకము చేసినారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగమున రాయలసీమకు ప్రాధాన్యమనియు, రాజధాని లేక హైకోర్టులలో ఒకటి సీమకనియు అందులోని ప్రధానాంశములు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రియు, సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రియు అయినారు. రాజధాని కర్నూలుకు వచ్చినది. హైకోర్టు గుంటూరుకు వెళ్లినది. ఒడంబడికలో ఆ మాట నెరవేరినది. కాని మూడేండ్లకే ఆంధ్రప్రదేశ్ అవతరణముతో రాజధాని హైదరాబాదునకు తరలినది.

నీటి మాట ఏమైనది? తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరుగగా, 1953లో కాలువలకు నీరు వదలినారు. అదే 1953లో బళ్లారి జిల్లాలోని అధిక భాగము మైసూరు రాష్ట్రమున చేరినది. 1882 వరకు మన అనంతపురము కూడ బళ్లారి జిల్లాలోనిదే. పాలనలో ఒకే ఇంటి బిడ్డలైన నేలలు రెండు రాష్ట్రముల పాలైనవి. నీరు పంచుటకు తుంగభద్ర బోర్డు ఏర్పడినది. పోరుమామిళ్ల శాసనము చెప్పిన "రెండు రాజ్యముల సరిహద్దు" దోషము ఇదియే. ఎగువ కాలువ ద్వారా ఆంధ్రమునకు కేటాయించిన జలము 32.5 టి.ఎం.సి.లు. ఆనకట్ట మొదటి నిలువ సామర్థ్యము సుమారు 133 టి.ఎం.సి.లు కాగా, పూడిక వలన అది సుమారు 105కు తగ్గినది. కాగితముపై ఉన్న నీటికిని కాలువలో పారు నీటికిని నడుమ ఈ పూడిక ఉన్నది. అయినను ఎగువ కాలువ నీరు పెన్న అహోబిలము, మధ్య పెన్న జలాశయములను చేరి మన జిల్లాకు త్రాగునీరు, కొంత సాగునీరు ఇచ్చుచున్నది. ఆ మధ్య పెన్న జలాశయము ఇల్లూరున్న గార్లదిన్నె మండలముననే ఉన్నది.

సభ – సమితి

1955లో శ్రీకాళహస్తి నుండి శాసనసభకు ఎన్నికైన సంజీవరెడ్డి గారు 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. 1960 జనవరి వరకు ఆ పదవిలో ఉండి, అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులై, 1962లో కర్నూలు జిల్లా డోను నుండి ఎన్నికై మరల ముఖ్యమంత్రి అయినారు. వారి విరామ కాలమున ఆ పీఠము అధిష్ఠించినవారు కర్నూలు సమీపమున పెదపాడులో పేద దళిత కుటుంబమున జన్మించిన శ్రీ దామోదరం సంజీవయ్య గారు. దేశమున తొలి దళిత ముఖ్యమంత్రి వారే.

సంజీవరెడ్డి గారి మొదటి పాలనలో గ్రామములకు మిక్కిలి దగ్గరైన కార్యము పంచాయతీరాజ్ వ్యవస్థ. రాజస్థాన్ తరువాత దానిని చేపట్టిన రాష్ట్రము మనదే. 1959 అక్టోబరులో షాద్‌నగరులో పండిత నెహ్రూ గారు దానిని ప్రారంభించినారు. గ్రామ పంచాయతీ, దానిపై పంచాయతీ సమితి, దానిపై జిల్లా పరిషత్తు అని మూడంతస్తుల ఏర్పాటు. వేదాధ్యయనము చేసినవారికి ఇందలి పదములు క్రొత్తవి కావు. అథర్వవేదము సభను, సమితిని ప్రజాపతికి ఇద్దరు కుమార్తెలుగా వర్ణించినది. ఋగ్వేదము పదవ మండలములోని అక్షసూక్తము జూదరికి పాచికలు మాని సేద్యము చేసికొమ్మని హితవు చెప్పినది. సేద్యమునకును సభకును మన వాఙ్మయమున గౌరవము అనాదిగా ఉన్నదని దీని భావము. చెరువు మరువ మరమ్మతు, ఊరి బడి, త్రాగునీటి బావి, ఇట్టి పనులకు పైవారి వంక చూడక సమితిలోనే తీర్మానము చేయగలుగుట పల్లె రైతుకు క్రొత్త బలము.

రెండవ పాలనలో, 1963 జూలైలో, శ్రీశైలమున కృష్ణానదిపై ఆనకట్టకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసినారు. ఆ నెలలోనే గోదావరిపై పోచంపాడు పథకమునకు కూడ శంకుస్థాపన జరిగినది. శ్రీశైల పథకమును ఆనాడు విద్యుత్తు కొరకే ఉద్దేశించినారు. సీమ పొలములకు ఆ నీరు మళ్లవలెనన్న కోరికకు పథకములుగా రూపము వచ్చుటకు ఇంకను అనేక సంవత్సరములు పట్టినది.

తూము అప్పగించిన వేళ

1964 ఆరంభమున వారి జీవితమున కఠిన పరీక్ష వచ్చినది. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గముల జాతీయకరణను ప్రశ్నించుచు వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. ముఖ్యమంత్రి తమ రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయుటకే ఆ జిల్లాను ముందు ఎన్నుకొన్నారని బస్సు యజమానుల ఆరోపణ. ఆ ఆరోపణకు ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రముతో సమాధానము చెప్పలేదని న్యాయస్థానము ఎత్తిచూపి, ఆ పథకములను కొట్టివేసినది. నీరుగంటి ఒక మడికి కావలెనని నీరు ఆపినాడను నింద వంటిదే ఇది. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. తీర్పు ఎట్టిదైనను, నింద పడిన చేతితో తూము పట్టరాదను నియమమును వారు పాటించినారని మనము చెప్పుకొనవచ్చును. కొన్ని మాసములలోనే కేంద్రమున ఉక్కు, గనుల శాఖామంత్రి అయినారను సంగతిని కూడ ఇక్కడ చెప్పుట న్యాయము.

1967లో హిందూపురము నుండి లోకసభకు ఎన్నికై సభాపతి అయినపుడు వారు తమ పార్టీ సభ్యత్వమునే వదలినారు. తూము కావలికి తనవాడు, పరవాడు ఉండరాదను ధర్మమునకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము అరుదు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేయుటకు సభాపతి పదవిని వదలి, ఒకనాటి జైలు సహవాసి శ్రీ వి.వి. గిరి గారి చేత ఓడినారు. అపుడు వారు ఢిల్లీని విడిచి అనంతపురము వచ్చి వ్యవసాయము చేసికొన్నారు. ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా, లోకసభాపతిగా ఉన్నవారు మరల పొలము గట్టున నిలిచినారు. కొన్ని సంవత్సరములు అట్లే గడచినవి.

ఆ 1969లోనే బావమరది కూడ సభ విడిచినారు. నాగిరెడ్డి గారు 1957లో అనంతపురము నుండి లోకసభకు, 1962లో పుట్లూరు నుండి, 1967లో అనంతపురము నుండి శాసనసభకు ఎన్నికైనవారు. చట్టసభ ద్వారా పేదవానికి భూమి రాదని నిశ్చయించుకొని, సభలో ఆ మాట చెప్పి, రాజీనామా చేసినారు. తరువాత వారు నడచిన విప్లవ మార్గముతో ఏకీభవింపనివారు అనేకులు. వేదవిద్యార్థిగా నా మార్గమును అది కాదు. కాని నమ్మకము పోయిన చోట పీఠమును పట్టుకొని కూర్చుండక లేచి వచ్చుటను ఏ పక్షమువారైనను గౌరవింపవలసినదే. 1976 జూలై 28న, అత్యవసర పరిస్థితి కాలమున, అజ్ఞాతవాసములో ఉండగానే వారు కన్నుమూసినారు.

సంజీవరెడ్డి గారు 1975లో శ్రీ జయప్రకాశ్ నారాయణ గారి వెంట మరల ప్రజాజీవితమున ప్రవేశించి, 1977లో నంద్యాల నుండి లోకసభకు గెలిచినారు. ఆ ఎన్నికలలో రాష్ట్రములోని 42 స్థానములలో జనతా పార్టీ గెలిచినది ఆ ఒక్క స్థానమే. మరల సభాపతి అయి, 1977 జూలై 25న భారత రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారము చేసినారు. పోటీ లేకుండ ఆ పదవికి ఎన్నికైన మొదటివారు వారే. 1982లో పదవీకాలము ముగియగా స్వస్థలమునకు చేరినారు. 1996 జూన్ 1న బెంగుళూరులో పరమపదించినారు.

మనకు మిగిలినదేమి?

ఇరువురి జీవితములను తూచి ఒకరిని పెద్దచేయుట నా ఉద్దేశము కాదు. ఒకరు చట్టసభ వలననే మేలు జరుగునని నమ్మి అనేక సంవత్సరములు అందులో నిలిచినారు. మరియొకరు అది చాలదని లేచిపోయినారు. సీమ చరిత్ర ఇద్దరిని కొంత సమర్థించుచున్నది. నీరు రాలేదా అన్నచో వచ్చినది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము వెనుక జలములు హంద్రీ–నీవా కాలువ ద్వారా మెట్టలెక్కి 2012లో మన జిల్లాలోని జీడిపల్లి జలాశయమును చేరినవి. నలుబది తొమ్మిదేండ్లు పట్టినది. ఆలస్యము కాలేదా అన్నచో, ఆ నలుబది తొమ్మిదేండ్లలో ఎన్ని వేరుశనగ పంటలు ఊడలు దిగు వేళ వాన లేక ఎండినవో మీకే తెలియును. శంకుస్థాపన చేసిన తరము ఫలము చూడలేదు. మామిడి టెంక నాటిన తాత వంటి పని శాసనసభ్యునిది. కావున ఓపిక అతనికి గుణము, ఆలస్యము మనకు శాపము.

2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయి నీరంతయు నదిపాలగుచుండగా, నిపుణులును కార్మికులును ప్రవాహమునకు ఎదురుగా నిలిచి కొన్ని దినములలోనే తాత్కాలికముగా అడ్డు వేసి మిగిలిన నీటిని కాపాడినారు. కట్టలకు ఆపద నేటికిని వచ్చుచున్నది. నాడు ఒక ఇల్లాలి ప్రాణము అడిగిన కట్ట, నేడు సకాలమున మరమ్మతు అడుగుచున్నది. ఆ మరమ్మతుకు నిధులు విడుదల చేయవలసినది సభలే. ముసలమ్మ వంటి త్యాగము మరల ఎవరికిని అవసరము కాకుండ చూచుటయే ప్రజాప్రతినిధుల ముఖ్య ధర్మము.

ఒక విశేషము గమనింపుడు. బుక్కరాయసముద్రము, ఇల్లూరు ఉన్న గార్లదిన్నె, తరిమెల ఉన్న శింగనమల, నాగిరెడ్డి గారిని 1962లో గెలిపించిన పుట్లూరు, ఈ మండలములన్నియు నేడు ఒకే శింగనమల శాసనసభ నియోజకవర్గమున ఉన్నవి. అది నేడు షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకించిన స్థానము. పూర్వము మన పల్లెలలో నీరుగంటి పని చేసినవారు అధికముగా ఏ వాడలవారో పెద్దలెరుగుదురు. పొలమున్న రైతు శాసనసభకు వెళ్లిన చోటనే, ఇతరుల మడులకు నీరు కట్టి తన ఇంటికి మేర గింజలు మాత్రము తీసికొనిపోయినవాని బిడ్డలకు నేడు ఆ పీఠము లభించుచున్నది. బావమరదులు ఇద్దరును చెరియొక త్రోవన కోరినది ఏదో ఒక పాలు ఇందులో నెరవేరినదని నాకు తోచుచున్నది.

కావున భక్త మహాశయులారా! గుడికి ప్రదక్షిణము చేసిన తరువాత ఒకసారి చెరువుకట్ట వంక కూడ నడచి చూడుడు. తూములో చెత్త, కట్టపై కంప, కాలువలో పూడిక కనబడినచో ఎవరో వచ్చి తీయుదురని ఎదురు చూడకుడు. ఊరు కూడి చేయదగినది ఊరే చేయవలెను. ఊరి శక్తికి మించినది ప్రతినిధిని అడుగవలెను. ఇచ్చిన మాటను అతనికి గుర్తు చేయుట మన హక్కు. పీఠము ఎక్కినవాడు ఎవరైనను, నీరు తనది కాదనియు, తూము మాత్రమే తన చేతిలో కొన్నాళ్లు ఉన్నదనియు మరువకుండునట్లు స్వామి అనుగ్రహించుగాక! సకాలమున వానలు కురియుగాక! మన చెరువు మరువ పారుగాక! గోబ్రాహ్మణ, కృషీవల, శ్రామిక జనులందరకు శుభమగుగాక!

స్వస్తి.